విడిపోయాక అంపైరు ఏడీ?

కరెంటు బిల్లులో నాకు ఒళ్లు మండించేది ఈ నెల వాడకం కాదు, దాని కింద వరసగా వచ్చే పాత బాకీల గళ్లు. 2022-23లో కాల్చిన కరెంటుకు 6,072 కోట్లు, 2023-24లో కాల్చినదానికి మరో 9,412 కోట్లు విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) జనం దగ్గర వసూలు చేసుకోవచ్చని ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2024 చివర్లో అనుమతిచ్చింది. రెండోదానికి 24 నెలల కిస్తులు. ఈ వారం బిల్లులు రాగానే నంద్యాలలో మళ్లీ అదే మాట వినపడింది: తెలంగాణతో కలిసి ఉమ్మడి మండలి ఉంటే ఇంత జరిగేది కాదని. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగమే ఎవరూ తేల్చి చెప్పడం లేదు.

ఉమ్మడి రాష్ట్రంలో మండలి పుట్టింది 1999లో. విభజన చట్టం పన్నెండో షెడ్యూలు దానికి ఆరు నెలల గడువిచ్చింది. అంతవరకు రెండు రాష్ట్రాలకూ ఉమ్మడిగా ఉండాలి, ఆలోగా ఎవరి మండలి వాళ్లు పెట్టుకోవాలి. 2014 తిరగకముందే అది పూర్తయింది. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఒకే సింగరేణి భవన్‌లో, ఒక అంతస్తులో వాళ్లు, ఇంకో అంతస్తులో మనవాళ్లు కూర్చునేవాళ్లు.

అదే షెడ్యూలులో ఇంకో చిన్న వాక్యం మన బతుకు మార్చేసింది. కర్నూలు, అనంతపురం జిల్లాలను హైదరాబాదు కేంద్రంగా ఉన్న సెంట్రల్ డిస్కం నుంచి తీసి తిరుపతి డిస్కంలో కలిపారు. అంతవరకు హైదరాబాదు పరిశ్రమలు, పెద్ద దుకాణాలు ఎక్కువ ధర కడితే, ఆ డబ్బు సీమలో బోరు మోటార్ల భారం కొంత మోసేది. ఆ దన్ను ఒక్క రోజుతో పోయింది. దానికి బదులు ఏమిస్తారని అడిగిన నాయకుడు మనకు లేడు. ఫలితం 2021 ఆగస్టులో కనపడింది. 2014-19 నాటి ట్రూఅప్ (పాత ఖర్చుల సర్దుబాటు) అంటూ తిరుపతి డిస్కం వినియోగదారుల మీద యూనిట్‌కు రూ.1.23 వేశారు, విశాఖ డిస్కం వాళ్ల మీద 45 పైసలు. కోస్తా పైభాగం వాళ్లకంటే మనకు దాదాపు మూడింతలు! జనానికి సరిగ్గా నోటీసు ఇవ్వలేదని మండలే తర్వాత ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. వెనక్కి తీసుకున్నా, ఆ తేడా చూసిన కోపం నాకింకా చల్లారలేదు. ఆళ్లగడ్డలో రాయి చెక్కేవాళ్ల కటింగ్ మిషన్లకూ, నంద్యాలలో విత్తనాలు శుద్ధిచేసే ప్లాంట్లకూ ఇది లాభంలోంచి పోయే డబ్బు.

మండలిని విడగొట్టడం తప్పనను. ఎవరి ధరలు వాళ్లే తేల్చుకోవాలి. 2023లో మన మండలి కర్నూలుకు రావడం న్యాయం, ఇక అక్కణ్నుంచి కదపకూడదు. తప్పు ఎక్కడంటే, రెండు రాష్ట్రాల మధ్య తగాదాలకు ఒక ఉమ్మడి పీఠం మిగల్చకపోవడంలో. విభజన తర్వాత మూడేళ్లు తెలంగాణకు మన జెన్‌కో కరెంటిచ్చింది. అసలు, ఆలస్య రుసుము కలిపి 6,756 కోట్లు కట్టమని 2022లో కేంద్రం చెప్పింది. 2023లో తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఇద్దరూ ఒప్పుకున్న అంపైరు ఉంటే ఈ లెక్క ఎప్పుడో తేలేది. విద్యుత్ చట్టం 83వ సెక్షన్ ఉమ్మడి మండలికి దారి ఇస్తూనే ఉంది. గోవాకూ, అండమాన్, లక్షద్వీప్ దీవులకూ, పుదుచ్చేరికీ కలిపి ఒకటే ఉమ్మడి మండలి; మన యానాం తెలుగువాళ్లూ దాని కిందే ఉన్నారు. ఇంగ్లిష్ చానల్‌లోని జెర్సీ, గెర్న్‌సీ దీవులు 2010 నుంచి పోటీ వ్యవహారాల నియంత్రణను కలిపి నడిపి, 2020 జులైలో విడదీసుకున్నాయి. రెండూ కలిపినా నంద్యాల పట్టణమంత జనం లేరు. పదేళ్లు కలిసి ఉండి చూశాకే విడిపోయారు వాళ్లు. మనకిచ్చింది ఆరు నెలలు.

కరెంటు సంగతి ఇలా ఉంటే నీళ్ల సంగతి ఇంకా అన్యాయం. కృష్ణా నదీ యాజమాన్య బోర్డు కార్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో ఉండాలని విభజన చట్టమే రాసింది. పదేళ్లు దాటినా అది హైదరాబాదులోనే కూర్చుంది. ఒక ప్రభుత్వం విశాఖ అంది, 2025లో అమరావతి అన్నారు. శ్రీశైలం డ్యాం కుడిగట్టు మన నంద్యాల జిల్లా, అక్కణ్నుంచి సీమ కాలువలకు నీళ్లు వదిలే పోతిరెడ్డిపాడు మన జిల్లా. డ్యాంలో 854 అడుగులు లేకపోతే పోతిరెడ్డిపాడుకు నీళ్లు సరిగ్గా ఎక్కవు. 2021లో నీటిమట్టం పెరగకముందే ఎడమగట్టున తెలంగాణ కరెంటు తీస్తుంటే, ఆపమని చెప్పాల్సిన బోర్డు ఉత్తరాలు రాస్తూ ఉండిపోయింది. తెలుగుగంగ మీద, కేసీ కాలువ మీద ఆధారపడ్డ ఆళ్లగడ్డ రైతుకు ఆ ఉత్తరాలతో ఒక్క తడి కూడా దక్కదు. బోర్డును కర్నూలులో పెట్టమని నంద్యాల నుంచి రాయలసీమ సాగునీటి సాధన సమితి ఏళ్లుగా అడుగుతోంది. నేనూ అదే అడుగుతున్నాను. కార్యాలయం కర్నూలుకు రావాలి, డ్యాం దగ్గర గేట్లు, టర్బైన్లు బోర్డు చేతికి రావాలి. కరెంటు మండలి కూడా ఏటా ధరల విచారణ ఒకటి నంద్యాలలో పెట్టి, బిల్లు కట్టేవాళ్ల ఎదుటే డిస్కం లెక్క అడగాలి.