కానగుర్తకు దక్కిన గౌరవం



మాదాపూరులోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం చేసే యువకుడు సెలవులకు అండమాను వెళ్తాడు. వీపున గాలి సిలిండరు తగిలించుకొని సముద్రంలో మునిగి, చేపలవీ పగడపు దిబ్బలవీ ఫొటోలు తీసుకొని వస్తాడు. "డబ్బు ఎక్కువైనవాళ్ళ షోకు" అని మా తరం పెదవి విరుస్తుంది. "ఎంత బాగుందో" అని అతని తరం చప్పట్లు కొట్టి మరునాటికి మరచిపోతుంది. ఈ రెండు వైఖరులూ నాకు సమ్మతం కావు. ఆ ఫొటో విలాసం కాదు, సాక్ష్యం. సాక్ష్యాన్ని అలంకారంగా వాడుకొని పారవేయడమే నేను తప్పుపడుతున్న సంగతి.

ముందుగా షోకు అనేవారితో మాట్లాడతాను. 2021 డిసెంబరులో విశాఖ సమీపాన, నేటి అనకాపల్లి జిల్లాలోని తంతడి తీరానికి ఒక తిమింగల సొర కొట్టుకొని వచ్చింది. అటవీశాఖవారూ మత్స్యకారులూ జీవసంరక్షకులూ కలిసి దానిని ప్రాణాలతో తిరిగి సముద్రంలోకి పంపారు. దాని ఫొటోలను మాల్దీవులలో ఆ జాతిపై పరిశోధన చేసేవారికి పంపుతామని అప్పుడు అధికారులు చెప్పారు. మన తీరాన ఒడ్డెక్కిన చేప బొమ్మ మాల్దీవులవారికి దేనికి? ఆ సొర మేనిమీది తెల్లచుక్కల అమరిక మన వేలిముద్రల వంటిది, ఏ రెండింటికీ ఒకేలా ఉండదు. ఒక దేశంలో ఒక ఈతగాడు తీసిన ఫొటోనూ, ఏళ్ళ తరువాత వేరొక దేశంలో వేరొకరు తీసిన ఫొటోనూ పక్కపక్కన పెడితే ఇది ఆ చేపేనా కాదా అన్నది తేలుతుంది. దానిని పట్టనక్కరలేదు, చంపనక్కరలేదు. ఈ చుక్కలను పోల్చే గణిత పద్ధతి మొదట ఖగోళ శాస్త్రజ్ఞులు నక్షత్రాల పటాలను సరిచూసుకోవడానికి కల్పించుకొన్నది. 2005లో దానిని చేప చుక్కలకు అన్వయించారు. ప్రోగ్రాములు రాసి జీవించే నగరానికి సముద్రంతో సంబంధమేమిటని అడిగేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలదా?

ఇక "దీర్ఘకాల పరిశోధన" అన్న మాటను ఆలోచించండి. పరిశోధనలకు నిధులు మూడేళ్ళకో ఐదేళ్ళకో వస్తాయి. సముద్రం మారేది దశాబ్దాలలో. 1998లో, 2010లో, 2016లో నీరు వేడెక్కి హిందూ మహాసముద్రంలో పగడాలు పాలిపోయాయి. పాలిపోకముందు ఫలానా దిబ్బ ఎలా ఉండేదో ఎవరు చెప్పాలి? ఆ రోజున అక్కడ మునిగినవాడే చెప్పాలి. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో 2007లో మొదలైన రీఫ్ లైఫ్ సర్వే ఈ సత్యాన్ని గ్రహించింది. వినోదం కోసం మునిగేవారికి శిక్షణ ఇచ్చి, నీటి అడుగున 50 మీటర్ల కొలతతాడు పరిపించి, దాని వెంబడి చేపలను లెక్కపెట్టిస్తుంది, అడుగు నేలను ఫొటోలు తీయిస్తుంది. షోకును శాస్త్రంగా మార్చింది ఖరీదైన కెమెరా కాదు, క్రమశిక్షణ.

"ఫొటో చూసి జాతిని నిర్ణయించడం శాస్త్రం కాదు" అని కొందరు పెద్దల ఆక్షేపణ. అన్ని జాతులనూ ఫొటోతో గుర్తుపట్టలేమన్నది నిజమే. కొన్నింటికి నమూనా కావాలి, సూక్ష్మదర్శిని కావాలి. అయితే న్యాయస్థానంలో ప్రతి సాక్షీ అన్నీ చూసి ఉండాలని ఎవరూ కోరరు. తాను చూసినంత, చూసిన చోటు, చూసిన తేదీ చెబితే చాలు. తీర్పు చెప్పేవారు వేరే ఉంటారు.

సాక్ష్యం విలువ తెలియాలంటే సముద్రం దాకా వెళ్ళనక్కరలేదు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాలలోకి యంత్రాలు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నది. ఆ భూమి ఎవరిదన్నది ఒక వివాదం, అందులో ఏమేమి బతుకుతున్నాయన్నది మరొక వివాదం. ఈ రెండవ ప్రశ్నకు జవాబు ఉపన్యాసాలలో దొరకదు. ఏళ్ళ తరబడి అక్కడ తిరిగి పక్షులనూ జింకలనూ ఫొటోలు తీసి, పట్టికలు రాసుకొన్నవారి దగ్గరే దొరుకుతుంది. అద్దాల మేడల నడుమ ఉన్న అడవికే సాక్షులు ఇంత అవసరమైతే, ఎవరి కంటా పడని సముద్రగర్భానికి ఎంత అవసరమో ఊహించుకోండి.

ఇప్పుడు చప్పట్ల వర్గంతో నా పేచీ. నాయనలారా, మీరు ఫొటోకు రంగులు దిద్దుతారు, అంచులు కత్తిరిస్తారు, కింద ఒక చమత్కార వాక్యం రాస్తారు. తేదీ ఉండదు, చోటు ఉండదు, ఎంత లోతున తీశారో ఉండదు. అది ఊరూపేరూ లేని ఉత్తరం. పైగా మంచి ఫొటో కోసం పగడాన్ని కాలితో తన్నేవారూ ఉన్నారు. సాక్ష్యం తెస్తానని వెళ్ళి సాక్షినే కొట్టి వచ్చినట్టు!

తెలుగు పండితుడిగా నా అసలు బాధ మరొకటి. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉండి, అక్కడ దొరికిన 200 చేపల వర్ణనలూ బొమ్మలూ 1803లో లండనులో అచ్చు వేయించాడు. మన బెస్తలు పలికిన పేర్లను విన్నది విన్నట్టు అందులో రాసుకొన్నాడు. వాటిలో ఒకటి కానగుర్త. ఫ్రాన్సుదేశపు క్యువియే 1816లో ఆ మాటనే శాస్త్రనామంలోకి తీసుకొన్నాడు. ఈనాటికీ ప్రపంచమంతా ఆ చేపను రాస్ట్రెల్లిజర్ కనగుర్త అనే పిలుస్తుంది. మన రేవుల్లో కానగంతలు, కానాగర్తలు అంటూ అమ్ముతున్నది దానినే. ఒక పరదేశి వైద్యుడు చెవి యొగ్గి విన్నందువల్ల మన పల్లెకారుల మాట రెండు శతాబ్దాలుగా నిలిచి ఉన్నది.

మరి తెలుగు మాతృభాషగా గల మీరు తీసిన ఫొటో కింద తెలుగు పేరు ఏది? ఐనాచురలిస్టు వంటి చోట్ల జీవులకు ప్రాంతీయ భాషల పేర్లు చేర్చే వీలున్నది. నిఘంటువులను తెరిస్తే ఎన్నో చేపలకు "ఒక విధమైన చేప" అన్న అర్థం తప్ప మరేమీ కనబడదు. ఏ విధమైనదో చెప్పగల వృద్ధులు రేవుల్లో ఇంకా ఉన్నారు. వారు వెళ్ళిపోతే పేరు ఒక దిక్కున, ప్రాణి మరొక దిక్కున మిగిలిపోతాయి. ప్రాణి అంతరించిపోతే ఏడవడానికి సంస్థలున్నాయి, పేరు అంతరించిపోతే ఏడవడానికి మనం తప్ప ఎవరున్నారు?

కనుక మునగండి, సంతోషంగా మునగండి. ముట్టుకోకుండా చూడండి. ఫొటోతోపాటు తేదీ, చోటు, లోతు రాసి పరిశోధకులకు అందేలా పెట్టండి. తిరుగు ప్రయాణంలో ఒక పూట విశాఖ రేవులోనో కాకినాడ రేవులోనో ఆగి, ఆ ఫొటో చూపించి "దీన్ని మీరేమంటారు తాతా?" అని అడగండి. చెప్పిన మాటను చెప్పినట్టే రాయండి, దిద్దకండి.

ఈలోగా తీరప్రాంతపు మిత్రులు తమ ఊళ్ళో వాడే చేపల పేర్లు, అవి ఎలా ఉంటాయో రెండేసి మాటల్లో, వ్యాఖ్యలలో రాస్తే భద్రంగా ఒకచోట చేరుస్తాను.