వీసీ అంటే సీఈఓ ట!

"యూనివర్సిటీని కంపెనీలా నడపాలండీ. వీసీ అనేవాడు సీఈఓలా ఉండాలి." టీవీ చర్చల్లోనూ, మా ఆఫీసు క్యాంటీన్లోనూ ఈ మాట విని విని విసుగొచ్చింది. ఇలా అనేవాళ్ళలో సగం మందికి యూనివర్సిటీ తెలీదు, మిగతా సగానికి కంపెనీ తెలీదు.

సంస్థలు ఎలా నడుస్తాయన్నది పెద్ద శాస్త్రమే. యూనివర్సిటీల గురించి అందులో ఎప్పుడో చెప్పేశారు. లక్ష్యం స్పష్టంగా ఉండదు, దారి కచ్చితంగా తెలీదు, నిర్ణయాల్లో ఎవరెప్పుడు పాల్గొంటారో తెలీదు, అదో పద్ధతున్న అరాచకం అని 1972లో కోహెన్, మార్చ్, ఓల్సెన్ అన్నారు. 1976లో కార్ల్ వీక్ విద్యాసంస్థల్ని 'లూజ్లీ కపుల్డ్' అన్నాడు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది కొత్త మాటా? ఒక మాడ్యూల్ పాడైతే పక్కది ఆగకూడదు. కెమిస్ట్రీ విభాగం మూలపడ్డా తెలుగు శాఖలో పరిశోధన సాగుతుంది. కాకపోతే ఆ వదులే కుళ్ళుని దాచిపెడుతుంది కూడా, కాదనను.

ఇలాంటి చోట పై నుంచి అన్నీ బిగించడం కుదరదు. అందుకే చేతిలో ఉన్న రెండు మూడు కీళ్ళనే గట్టిగా పట్టుకోవాలి. ఎవర్ని ఉద్యోగంలోకి తీసుకుంటున్నాం, పాలకమండలిలో ఎవరు కూర్చుంటున్నారు, వీసీ కుదురుగా ఎన్నాళ్ళుంటాడు... అంతే.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది. అప్పట్నుంచి 1949 దాకా వీసీలు ఇద్దరే: కట్టమంచి రామలింగారెడ్డి, రాధాకృష్ణన్, మళ్ళీ కట్టమంచి. హుమాయున్ కబీర్, హీరేన్ ముఖర్జీ లాంటి కుర్రవాళ్ళని వాల్తేరు రప్పించి పాఠాలు చెప్పించారు రాధాకృష్ణన్. నాయకత్వం అంటే అదీ!

మరి మనవాళ్ళో? తెలంగాణలో వీసీ పదవీకాలం మూడేళ్ళు. ఎప్పుడు ముగుస్తుందో మొదటిరోజే తెలుసు. అయినా 2019 జూలైలో ఉస్మానియా వీసీ గడువు ముగిస్తే, కొత్తాయన వచ్చేసరికి 2021 మే అయింది. మధ్యలో ఇన్‌ఛార్జి ఐఏఎస్ అధికారే. 2024 మేలో మళ్ళీ అదే తంతు, అక్టోబరు దాకా. ఆ అధికారుల తప్పేం లేదు, వాళ్ళ శాఖ పని వాళ్ళకుంటుంది, ఇది కొసరు. సీఈఓ కుర్చీ రెండేళ్ళు ఖాళీగా ఉంచి, పక్క ఆఫీసు మేనేజర్‌తో "కాస్త చూస్తూండు బాబూ" అనే కంపెనీ ఎక్కడైనా ఉందా?

ఇటు అధ్యాపకుల పోస్టులు ఏళ్ళ తరబడి భర్తీ చెయ్యరు. హాజరుకి వేలిముద్ర, ర్యాంకింగులకి ఫారాలు మాత్రం టంచనుగా కావాలి. పట్టుకోవాల్సినవి వదిలేసి, వదలాల్సినవి పట్టుకోవడం!

"పాఠం చెప్పని ప్రొఫెసర్‌ని ఏం చెయ్యమంటావ్?" అంటారు. నా కోడ్ బాగుందో లేదో హెచ్‌ఆర్ వాళ్ళు చూడరు, ఆ పని తెలిసిన ఇంకో ఇంజనీరు చూస్తాడు. వేలిముద్ర మనిషి వచ్చాడని చెబుతుంది గానీ పాఠం ఎలా ఉందో చెప్పదు కదా. సాటివాళ్ళు ఒకర్నొకరు కాపాడుకుంటారంటారా? నిజమే. అందుకే బయటి యూనివర్సిటీల నుంచి అదే సబ్జెక్టు వాళ్ళని పిలవండి, వాళ్ళ నివేదిక విద్యార్థులతో సహా అందరూ చదివేలా పెట్టండి.

ముందు గడువు ముగిసేలోపు ఆ కుర్చీలో మనిషిని కూర్చోబెట్టండి. ఆయన సీఈఓలా ఉండాలా వద్దా అన్నది తరవాత తీరిగ్గా కొట్టుకుందాం.