ఫారం ఒప్పుకోకపోతే రైతు కాకుండా పోతాడా?



ఈ నెల ఎరువుల గురించి గానీ, గిట్టుబాటు ధర గురించి గానీ, కాలువ చివరి భూములకు నీళ్ల గురించి గానీ రాయటం లేదు. ఫారాల గురించి రాస్తున్నాను. కంప్యూటర్లో, సెల్‌ఫోన్లో నింపే ఫారాల గురించి. ఇదేదో చదువుకున్న పిల్లల వ్యవహారం, మనకెందుకులే అని పేజీ తిప్పేయకండి. పంట నమోదు, పంట బీమా, నష్టపరిహారం, పెట్టుబడి సాయం, ధాన్యం అమ్మకం, అన్నీ ఇవాళ ఆ ఫారం గుండానే పోవాలి. అది ఒప్పుకుంటేనే డబ్బు. ఒప్పుకోకపోతే యాభై ఏళ్లుగా మడిలో దిగుతున్నవాడు కూడా లెక్కలో ఉండడు.

నాకు జరిగింది చెబుతాను. పోయిన సార్వాలో ఒక పథకానికి దరఖాస్తు పెడదామని కాగితాలన్నీ సంచిలో వేసుకుని ఒక నెట్ సెంటరుకు వెళ్లాను. ఫారం నాలుగు పేజీలు. మొదటి పేజీలో పేరు, ఆధార్. రెండో దాంట్లో భూమి. మూడో దాంట్లో బ్యాంకు ఖాతా. నాలుగో దాంట్లో పంట. అక్కడ కూర్చున్న కుర్రాడు చకచకా కొట్టుకుంటూ పోయాడు. నాలుగో పేజీకి వచ్చాక, రెండో పేజీలో సర్వే నంబరు ఒక అంకె తప్పు పడిందని చూశాం. వెనక్కి నొక్కాడు. అంతే, మూడు పేజీలూ ఖాళీ. మళ్లీ మొదలు.

ఈసారి అంతా నింపి సబ్‌మిట్ నొక్కితే పైన ఎర్ర అక్షరాలు: ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’. ఏ గడిలో తప్పు? చెప్పదు. ఏం తప్పు? చెప్పదు. ఒక్కొక్క గడీ వెతుకుతుండగానే ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అని బయటికి నెట్టేసింది. మూడోసారి మొదటి నుంచి. రెండున్నర గంటల తర్వాత తేలింది ఏమిటయ్యా అంటే, నా ఇంటిపేరు పొడి అక్షరం పక్కన ఉన్న చుక్క. పాస్‌బుక్కులో ఉన్నట్టే కొట్టాడు పాపం. ఫారానికి చుక్క పనికిరాదట. చుక్క తీసేస్తే తీసుకుంది. మర్నాడు ఇంకో కబురు వచ్చింది: పేరు పాస్‌బుక్కుతో సరిపోలలేదని!

నా వెనక పదకొండు మంది నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దావిడ కూలి పోగొట్టుకుని వచ్చింది. చీకటి పడుతుంటే పని కాకుండానే లేచి వెళ్లిపోయింది. నాకు కోపం వచ్చింది ఆ కుర్రాడి మీద కాదు. వాడు మనకంటే ఎక్కువ విసిగిపోయి ఉన్నాడు.

మా అమ్మాయి హైదరాబాదులో వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీలో పని చేస్తుంది. ఆ రాత్రి ఫోన్ చేసి, ఏమ్మా, మీరు చేసే పని ఇదేనా అని అడిగాను. నవ్వి, ఓపిగ్గా చెప్పింది. “నాన్నా, ఫారంలో ప్రతి గడికీ కాపలా ఉంటుంది. ఒకటి కాదు, రెండు. ఒకటి మన ఫోన్లో, కంప్యూటర్లోనే ఉంటుంది. రెండోది అవతల సర్వర్లో ఉంటుంది. మొదటిది తప్పును అక్కడికక్కడే చెప్పి మన టైం మిగల్చటానికి. దాన్ని తప్పించుకుని పోవచ్చు కాబట్టి రెండోది అసలు కాపలా.”

నాకు అర్థమైన తీరు మీకూ చెబుతాను. కల్లంలో ధాన్యం తేమ చూస్తారు. మళ్లీ మిల్లు దగ్గర చూస్తారు. 17 శాతం లోపు ఉండాలన్నది రూలు. కల్లంలో మీటరు 17 అని, మిల్లులో మీటరు 19 అంటే ఏమవుతుంది? లారీ తిరిగొస్తుంది. ఖర్చెవరిది? మనదే. ఈ రెండు కాపలాలూ అంతే. ఇక్కడ ఒక రూలు, అక్కడ ఒక రూలు పెడితే, ఇక్కడ ‘సక్సెస్’ అంటుంది, నెల తర్వాత అక్కడ ‘రిజెక్ట్’ అంటుంది. నా చుక్క సంగతి అదే.

మరి వెనక్కి వెళితే రాసిందంతా ఎందుకు పోయింది? “అది కంప్యూటరు తప్పు కాదు నాన్నా, చేసినవాళ్ల అశ్రద్ధ” అంది. ఒక పేజీ దాటగానే అప్పటిదాకా రాసింది దాచిపెట్టటం, కరెంటు పోయినా వదిలిన చోటి నుంచే మొదలుపెట్టనివ్వటం, సబ్‌మిట్ అయ్యాక రసీదు పేజీకి తీసుకెళ్లి, పొరపాటున రెండోసారి నొక్కినా రెండు దరఖాస్తులు పడకుండా చూడటం, ఇవన్నీ ఏళ్ల తరబడి అందరికీ తెలిసిన పద్ధతులేనట. వెబ్‌సైట్లు కట్టే సామాన్లలో ఇవి కూడా చాలావరకు సిద్ధంగానే ఉంటాయట. అంటే చేయలేక కాదు, చేయమని గట్టిగా అడిగినవాడు లేక.

కాపలా వద్దని నేను అనటం లేదు. మంచి కాపలా మన మేలుకే. ఆధార్ నంబరు 12 అంకెల్లో ఆఖరి అంకె ముందున్న 11 అంకెల్ని బట్టి లెక్క కట్టి పెట్టింది. ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా లెక్క కుదరదు, ఫారం అక్కడే పట్టుకోగలదు. మన డబ్బు ఇంకొకడి ఖాతాకు పోకుండా ఇలాంటి కాపలా ఉండాల్సిందే.

కానీ కాపలావాడు చూసేది ఆకారమే, నిజం కాదు. దీనికి మన ప్రాంతంలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఆంధ్రా బ్యాంకు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన ఆ బ్యాంకులో మన తండ్రుల కాలం నుంచి ఖాతాలున్నాయి. 2020 ఏప్రిల్ 1న దాన్ని యూనియన్ బ్యాంకులో కలిపేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు పనిచేయటం ఆగిపోయింది. ఆ కోడ్‌కు 11 అక్షరాలుండాలి, అయిదోది సున్నా అయి ఉండాలి. పాత పాస్‌బుక్కు చూసి పాత కోడ్ కొడితే ఈ రెండు పరీక్షలూ నెగ్గుతుంది. ఆకారం మాత్రమే చూసే ఫారం ఒప్పుకుంటుంది. డబ్బు మాత్రం రాదు. కోడ్ కొట్టగానే బ్యాంకు పేరు, బ్రాంచి పేరు తెలుగులో కింద చూపిస్తే చాలు, ఏ రైతైనా తప్పు కనిపెడతాడు.

ఇంకోటి మన సెంట్లు. ఎకరం అయిదు సెంట్లు అంటే 1.05 అని కొట్టాలి. తొందరలో 1.5 అని కొడతారు. అది ఎకరం యాభై సెంట్లు. ఫారానికి రెండూ మంచి అంకెలే, కిక్కురుమనదు. నలభై అయిదు సెంట్ల తేడాతో తర్వాత రికార్డుకు సరిపోలలేదని పక్కన పడేస్తారు. కొన్ని ఫారాలు హెక్టార్లలో అడుగుతాయి. హెక్టారంటే దాదాపు రెండెకరాల నలభై ఏడు సెంట్లని ఎంతమంది గుర్తుపెట్టుకుంటారు? సర్వే నంబరు సంగతి సరేసరి. బై నంబర్లు, వాటి పక్కన మళ్లీ అక్షరాలు ఉంటాయి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. అంకెలు తప్ప ఇంకేదీ తీసుకోని గడిలో, పాత నంబరు తప్ప ఇంకేదీ ఎరగని గడిలో రైతు ఏం రాయాలి?

ఇంతవరకు చెప్పినవి చుక్కల తగాదాలు, సున్నాల తగాదాలు. మంచి పనివాడు కూర్చుంటే సరిదిద్దగలడు. అసలు తగాదా వేరే ఉంది. అది ఎర్ర నక్షత్రం తగాదా.

గడి పక్కన ఎర్ర నక్షత్రం గుర్తు ఉంటే అది తప్పనిసరి అని అర్థం. నింపకపోతే తర్వాతి పేజీకి పోనివ్వదు. పట్టాదారు పాస్‌బుక్కు నంబరు పక్కన ఆ నక్షత్రం పెట్టారనుకోండి. కౌలు రైతు ఏం నింపాలి? యాజలి, బుద్దాం, ఏ ఊరైనా చూడండి, మన డెల్టాలో కౌలు లేనిదే సాగు లేదు. 2011 చట్టంలో కౌలుదారు రుణ అర్హత కార్డుకు భూయజమాని సంతకం అవసరం లేదు. 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల కార్డు ఇస్తానంది గానీ యజమాని సంతకం కావాలంది. యజమాని భయపడి సంతకం పెట్టడు. సంతకం లేక కార్డు లేదు. కార్డు నంబరు లేక ఫారం కదలదు. 2019లోనే వచ్చిన పీఎం కిసాన్ సంవత్సరానికి 6,000 రూపాయలు మూడు విడతలుగా ఇస్తుంది, అదీ సొంత భూమి పేరున ఉన్న కుటుంబాలకే. అక్కడ కౌలుదారుకు గడే లేదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోయని చేను పడిపోయింది, కోసిన పనలు నీళ్లలో నానాయి. నష్టపోయింది ఎవరు? పెట్టుబడి పెట్టినవాడు, అప్పు తెచ్చినవాడు. ఈ-పంటలో సాగుదారుగా పేరు ఎక్కనివాడు నష్టం ఏమని చూపించుకుంటాడు? ఎవరు రైతు, ఎవరు కాదు అన్నది చట్టసభలో చర్చించి, మనమంతా అడిగి, కొట్లాడి తేల్చాల్సిన మాట. అలాంటి మాటను ఫారంలో ఒక ఎర్ర నక్షత్రం చడీచప్పుడు లేకుండా తేల్చేస్తోంది.

కాగితం రోజుల్లో కూడా అన్యాయాలు జరిగాయి. కాదనను. అయినా పాస్‌బుక్కు లేనివాడు ఆ గడి ఖాళీ వదిలి, “నేను కౌలుదారుని, ఇరుగుపొరుగు రైతులు సాక్షులు” అని పక్కన రాసి ఇవ్వగలిగేవాడు. తీసుకోకపోతే కార్యాలయం ముందు కూర్చునేవాడు. తిరస్కరిస్తే ఆ తిరస్కరణకు ఒక కాగితం ఉండేది. ఇప్పుడు ఫారం కదలకపోతే దరఖాస్తే పుట్టదు. దరఖాస్తే లేనప్పుడు తిరస్కరణ ఎక్కడిది? 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగినా, మీ పేరున ఏ దరఖాస్తూ రాలేదని జవాబు వస్తుంది. అందిన దరఖాస్తులన్నీ పరిష్కరించామని పైకి లెక్క పోతుంది. మానవుడు లేకుండానే పని జరిగిపోతోంది, బాధ్యుడు లేకుండానే అన్యాయం జరిగిపోతోంది.

తనిఖీ లేకపోతే దొంగ పేర్లు చేరతాయని అధికారులు అంటారు. నిజమే. దొంగ పేర్లు చేరితే ముందు నష్టపోయేది మనమే. అందుకే ఈ-పంట జాబితాను గ్రామంలో అందరికీ కనపడేలా అంటించి అభ్యంతరాలు అడగటం మంచి పద్ధతి. ఏ చేను ఎవరు చేస్తున్నారో ఊరికి తెలుసు. ఆ తనిఖీ ఊరి ముందు జరగనివ్వండి. మూసిన గడిలో కాదు. ఫారం తప్పు చూపించవచ్చు. తీర్పు చెప్పే అధికారం దానికి ఇవ్వకూడదు.

కాబట్టి సంఘం తరఫున మనం అడగవలసినవి ఇవి:

1. తప్పు ఉంటే ఆ గడి పక్కనే, తెలుగులో, ఏం తప్పు, ఎలా రాయాలి అన్నది చెప్పాలి.

2. వెనక్కి వెళ్లినా, నెట్ పోయినా రాసింది పోకూడదు. ఒక నంబరు ఇస్తే మర్నాడు వేరే చోట నుంచైనా కొనసాగించే వీలుండాలి.

3. ఆఖరున అన్ని వివరాలూ ఒకే పేజీలో తెలుగులో చూపించాలి. ఎకరాలు, సెంట్లు అక్షరాల్లో కూడా రావాలి. చదవలేని వారికి చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలి.

4. తప్పనిసరి గడి ప్రతిదానికీ “నా దగ్గర లేదు, కారణం ఇది” అనే వీలు పెట్టాలి. ఆ దరఖాస్తు రసీదు నంబరుతో ఒక అధికారి ముందుకు పోవాలి. గడువులోగా రాతపూర్వకంగా జవాబు రావాలి.

5. ఏ ఫారమైనా విడుదల చేసేముందు అందులోని గడులు, షరతులు బయటపెట్టాలి. కౌలు రైతులు, మహిళా రైతులు ఉన్న ఒక ఊళ్లో నింపించి చూడాలి.

అడగటంతో సరిపోదు, ఆధారం కావాలి. ప్రతి గ్రామ శాఖలో ఒక నోటుపుస్తకం పెడదాం. తేదీ, ఏ ఫారం, ఎన్నో పేజీ, ఎర్ర అక్షరాల్లో ఏం వచ్చింది, ఎన్ని గంటలు పోయాయి, ఎంత ఖర్చయింది రాసి పెడదాం. తెర ఫొటో తీయండి. ఆధార్ నంబరు, ఓటీపీ మాత్రం ఫొటోలో పడనివ్వకండి. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఒక్కడు వెళ్లి వెబ్‌సైటు బాగాలేదంటే వినరు. పది ఊళ్ల నోటుపుస్తకాలు బల్ల మీద పెడితే వినక తప్పదు.

మనకు పక్కనే నిడుబ్రోలులో ఒకప్పుడు ఆచార్య రంగా గారు రైతులకు బడి నడిపారు. ఆ రోజుల్లో రైతు కార్యకర్తలు శిస్తు లెక్క, అప్పు పత్రం చదవటం నేర్చుకున్నారు. ఇవాళ ఫారం చదవటం నేర్చుకోవాలి. కంప్యూటరు తెలిసిన మన పిల్లల్ని నెలకు ఒక్క పూట సంఘం ఆఫీసులో కూర్చోబెడదాం. వచ్చే మండల సమావేశానికి ప్రతి శాఖా తన నోటుపుస్తకంతో రావాలని కోరుతున్నాను. నా పుస్తకంలో మొదటి పేజీ నింపాను. ఆ చుక్క సంగతే రాశాను. పని కాకుండా వెళ్లిపోయిన ఆ పెద్దావిడ సంగతి దాని కిందే రాశాను.