మొదటి ఇల్లు: ఫ్లాటా, స్థలమా?

అమలాపురంలో ఫ్లాటు కొనాలా, ఊరి పక్కన స్థలం కొని ఇల్లు కట్టుకోవాలా? లూకా 14:28 ప్రకారం ముందు ఖర్చు లెక్క చూసుకోండి.

వరిచేను పూడ్చిన స్థలమైతే మెరక, పునాది ఖర్చులు కలుపుకోండి. 1986, 2022 గోదావరి వరదల్లో, 1996 నవంబరు తుపానులో అక్కడికి నీరెంత వచ్చిందో ఊరి పెద్దలనడగండి. ఫ్లాటుకు మెరక బెంగ లేదు. కాని నేలలో మీకు దక్కేది ఉమ్మడి వాటాయే, నెలనెలా నిర్వహణ ఖర్చు కూడా తప్పదు. దేనికైనా ఈసీ చూడకుండా బయానా ఇవ్వకండి.

బ్యాంకు వాయిదా కట్టాక కానుకకు, పిల్లల చదువుకు, తల్లిదండ్రుల మందులకు మిగలదనుకుంటే కొంతకాలం ఆగండి. అద్దె ఇంట్లోనూ కుటుంబ ప్రార్థన సాగుతుంది. ప్రభువు మీ గృహమును దీవించును గాక!