గురి పోయిందనే ముందు ములికి బరువు చూడండి



ఆగస్టు 9 దగ్గరపడితే మన గ్రూపులో రెండు రకాల ఫోటోలు వస్తాయి. ఒకటి విల్లంబులు పట్టుకుని డాన్సు చేసేది. రెండోది బాణం వేసే పోటీ. పోటీ ఫోటో కింద ఎవరో ఒకరు కచ్చితంగా రాస్తారు: "మన తాతలకున్న గురి మనకి లేదు." దాని కింద అందరం ఏడుపు బొమ్మలు పెడతాం. నేనూ పెట్టాను. ఆ మాట సగం తప్పని చెప్పడానికే ఈ పోస్టు. కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

సంక్రాంతి సెలవుల్లో మేం అయిదుగురం హరిశ్చంద్రపురం దగ్గర కోత అయిపోయిన మడిలో గడ్డిమోపు కట్టి బాణాలు వేశాం. విల్లు వెదురుదే. కాడలు మాత్రం వడ్రంగి చేత చక్కగా, గుండ్రంగా, గట్టిగా చెక్కించాం. ముందు భాగంలో మేకు తల కోసి దిగ్గొట్టాం. ఇరవై అడుగుల నుంచి వేస్తే ఒక్కటీ మధ్యలో పడలేదు. అన్నీ ఎడమకే. తోక ఊపుకుంటూ పోయి అడ్డంగా గుచ్చుకున్నాయి. మా అయిదుగురిలో నలుగురు కొండ ఊళ్ల పిల్లలమే. "మనకి రాదులే, మన రక్తంలో పోయింది" అని ఒకడు నవ్వుతూ అన్నాడు గానీ, ఎవరికీ నవ్వు రాలేదు.

అప్పుడే మందస వైపు కొండ ఊరు నుంచి మా వాడి తాత వచ్చాడు. మా విల్లు చూడలేదు, మేం నిలబడ్డ తీరూ చూడలేదు. ఒక బాణం తీసుకుని చూపుడువేలు మీద అడ్డంగా పెట్టాడు. అది ఇంచుమించు మధ్యలోనే నిలబడింది. "ఏట్రా గుంటల్లారా, ముక్కు తేలికైపోనాది. తోక ఆడదా మరి?" అన్నాడు. పాత మోటారులోది రాగి తీగ అడిగి, మేకు వెనకాల కాడ మీద బిగించి చుట్టాడు. మళ్లీ వేలు మీద పెట్టి చూశాడు. ఇంకో రెండు చుట్లు వేశాడు. "ఇప్పుడెయ్యి" అన్నాడు.

వేశాం. బాణం అడ్డంగా పడడం ఆగిపోయింది. ఎడమకి పోయేది కూడా జానెడు నుంచి నాలుగు వేళ్లకి వచ్చింది. మా చేతులు అవే, మా రక్తం అదే. మారింది ములికి దగ్గర బరువు ఒక్కటే.

తర్వాత పలాసలో నగలు తూచే చిన్న తక్కెడ మీద తూచాం. మా మేకు ముక్క 3 గ్రాములు. తీగతో కలిపితే 7 గ్రాములు. బజారులో కర్ర బాణాలకి అమ్మే ములుకుల్లో ఎక్కువగా కనిపించేవి 100 గ్రెయిన్లు, 125 గ్రెయిన్లు. గ్రాముల్లో చెప్పాలంటే సుమారు ఆరున్నర, ఎనిమిది. అంటే తాత తక్కెడ లేకుండా, వేలితో, ఆ రెండింటి మధ్యకి వచ్చేశాడు.

ఇది ఎలా పనిచేస్తుందో మనం తెలుసుకోవాలి. అల్లెతాడు వదిలినప్పుడు బాణం కర్రలా నిటారుగా పోదు. వెనక నుంచి తోపు వస్తుంది, ముందు బరువు కదలనని మొండికేస్తుంది, మధ్యలో కాడ విల్లులా వంగుతుంది. అలా వంగి, విల్లు బద్దని చుట్టుకుని, అటూ ఇటూ ఊగుతూ సర్దుకుని దారిలో పడుతుంది. ములికి బరువు పెరిగితే కాడ ఎక్కువ వంగుతుంది. తగ్గితే బిగుసుకుపోతుంది. కుడిచేత్తో లాగేవాళ్లకి బిగుసు బాణం ఎడమకి పోతుంది, మెత్త బాణం కుడికి పోతుంది. ఎడమచేతి వాళ్లకి దీనికి తిరగేసి. మన వెదురు విల్లుకి బాణం ఆనే చోట లోపలికి కోసిన గాడి ఉండదు కాబట్టి బాణం ఎక్కువ చుట్టు తిరగాలి. అందుకే కార్ఖానా విల్లు కంటే మన విల్లుకి కొంచెం మెత్త బాణమే కుదురుతుంది. వడ్రంగి చేసిన గట్టి కాడకి తేలిక మేకు పెట్టి మేం చేసిన తప్పు ఇదే.

అలాగని బరువు పెంచుకుంటూ పోతే సరిపోదు. మా వాళ్లలో ఒకడు సన్న వెదురు కాడకి కమ్మరి చేసిన పెద్ద ఇనుప అలుగు తగిలించాడు. అది కుడికి పోయింది, పదిహేను అడుగులు దాటగానే ముక్కు నేలకి వంచేసింది. పైగా సన్న కాడకి ముందు మరీ బరువు పెడితే వదలగానే విరిగి విల్లు పట్టిన చేతిలోనే దిగొచ్చు. వేసే ముందు ప్రతి కాడనీ మెల్లగా వంచి, చెవి దగ్గర పెట్టి వినండి. చిటుక్కుమంటే పక్కన పడెయ్యండి. మరీ తేలిక బాణం కూడా ప్రమాదమే. ఖాళీ నారి వదిలినట్టే అయి విల్లు పగులుతుంది. విల్లు లాగుడు ఒక్కో పౌండుకి బాణం మొత్తం బరువు కనీసం 8 నుంచి 10 గ్రెయిన్లు ఉండాలన్నది కర్ర బాణాలు వేసేవాళ్ల లెక్క. అంటే 40 పౌండ్ల విల్లుకి కనీసం 21 నుంచి 26 గ్రాముల బాణం.

ఇంటి దగ్గర చూసుకునే పద్ధతి ఇది. గంటు లోపలి నుంచి కాడ చివరి దాకా, ములికి వదిలేసి, కొలవండి. 72 సెంటీమీటర్లు అనుకుందాం. సగం 36. ములికితో సహా బాణాన్ని వేలి మీద నిలబెట్టి, ఎక్కడ నిలబడిందో గంటు నుంచి కొలవండి. సగం కంటే 7 నుంచి 9 సెంటీమీటర్లు ముందుకి, అంటే 43 నుంచి 45 దగ్గర నిలబడితే మంచి మొదలు. తక్కువైతే ములికి వెనక తీగ చుట్టండి, ఎక్కువైతే ములికిని ఆకురాయితో అరగదీయండి. ఒక్కసారి గ్రాము, గ్రామున్నర కంటే మార్చొద్దు. మార్చిన ప్రతిసారీ ఆరేసి బాణాలు వేసి చూడండి. ఒక్క బాణం చూసి తీర్పు చెప్పొద్దు. అన్ని బాణాలూ ఒకే బరువుండాలి. లేకపోతే ఏది మన తప్పో, ఏది బాణం తప్పో తెలీదు. ఉద్దానం వైపు మైదానంలో వేసేవాళ్లు పొద్దున్నే వెయ్యండి. సముద్రం గాలి లేచాక ఏ లెక్కా నిలబడదు.

ఇప్పుడు మన గ్రూపులో వచ్చే రెండు వాదనల గురించి.

ఒకటి: "తాతలు తూచారా? గ్రాములు, గ్రెయిన్లు అన్నీ పట్నం వాళ్ల గోల." తాతలు తూచారు, తక్కెడతో కాదు, వేలితో. కమ్మరి దగ్గర కూర్చుని "ఇంకొంచెం అరగదియ్యి" అన్నారు. పిట్టకో బాణం, పందికో బాణం వేరుగా పెట్టుకున్నారు. ఆ లెక్క వాళ్ల వేళ్లలో ఉంది, కాగితం మీద లేదు. వేళ్లు పోతే లెక్క పోతుంది. మనం గ్రాముల్లో రాసుకుంటే వాళ్ల జ్ఞానం పలచబడదు, మిగులుతుంది.

రెండు: "కార్బన్ బాణాలు కొనుక్కుంటే పోలా?" కొనుక్కోగలిగినవాళ్లు కొనుక్కోండి, తప్పు లేదు. విజయవాడ నుంచి జ్యోతి సురేఖ, ధీరజ్ ఎక్కడి దాకా వెళ్లారో మనకి తెలుసు. కానీ ఆ సామాను ధర మన ఇళ్లలో ఎంతమందికి అందుతుంది? మన దేశంలో ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉంది, వెదురు విల్లుతో వేసేది. 50 మీటర్లు, 30 మీటర్లు. ప్రపంచ ఆర్చరీ సంఘం లాంగ్‌బో విభాగంలో అయితే కర్ర బాణాలే వాడాలని రూలు. రాజస్థాన్ ఆదివాసీ బిడ్డ లింబారామ్ చిన్నప్పుడు పట్టుకున్నది వెదురు విల్లే. మూడు ఒలింపిక్స్ ఆడాడు, 2012లో పద్మశ్రీ అందుకున్నాడు. కర్ర బాణం వెనకబాటు గుర్తు కాదు. సరిగ్గా సర్దుకుంటే అదే మొదటి మెట్టు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట మన జీవితంలోంచి పోయింది, పోవాల్సిందే అనేవాళ్లూ మనలో ఉన్నారు. నేను దాని మీద గొడవపడను. కానీ వేట పోతే బాణాన్ని పరీక్షించే చోటు కూడా పోయింది. అడవిలో తేలిక ములికి పెడితే ఆ రాత్రి కూర ఉండేది కాదు, మర్నాడే సరిచేసుకునేవారు. ఇప్పుడు స్టేజి మీద పట్టుకునే బాణానికి ములికి ఎంత ఉంటే ఏం, అసలు లేకపోతే ఏం? రంగు కాగితం చుట్టినా ఫోటోలో బావుంటుంది. అలా పట్టుకుని, ఏడాదికోసారి పోటీ పెట్టి, గురి తప్పితే "మన రక్తం" మీద నెట్టేస్తున్నాం. ఈ మాట మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ నమ్మేస్తున్నారు. నా బాధ అదే. బాణం తప్పుని మనిషి తప్పుగా నమ్మినవాడు మళ్లీ విల్లు పట్టుకోడు.

కాబట్టి నా మాట ఇది. ఈసారి పోటీ పెట్టే ప్రతి ఊరూ, ప్రతి హాస్టలూ పోటీకి నెల ముందే బాణాలు తయారు చెయ్యాలి. అప్పటికప్పుడు ఎవరివో పంచిపెట్టడం మానాలి. ఎవరి విల్లుకి తగ్గ బాణం వాళ్లు సర్దుకోవాలి. సవర, జాతాపు ఊళ్లలో బాణాలు చేసిన పెద్దలు ఇంకా ఉన్నారు, వాళ్ల ఊళ్లకి ములుకులు కొట్టిన కమ్మరులూ ఉన్నారు. సెలవులకి వెళ్లినప్పుడు వాళ్ల దగ్గర ఒక పాత బాణం అడిగి, కాడ పొడుగు, ములికి బరువు, ఎక్కడ నిలబడిందీ, ఏ కర్రా, ఏ ఈకా రాసి ఈ గ్రూపులో పెట్టండి. మొదట నేను పెడతాను.

అదంతా చేసి, ములికి సరిచూసుకుని, అప్పుడూ గురి తప్పితే సాధన తక్కువని ఒప్పుకుందాం. సాధన చేస్తే వస్తుంది. రక్తాన్ని మాత్రం అనొద్దు.

జై ఆదివాసీ.