ఏకీకృత సిద్ధాంతము, అద్వైతము

ద్రవ్యము, వికిరణము, గురుత్వాకర్షణ, ఈ మూడింటిని ఒకే సూత్రమున కూర్పవలెనని భౌతికశాస్త్రజ్ఞులు శతాబ్దకాలముగా శ్రమించుచున్నారు. ఇది విని ఆస్తికులు కొందరు "మన ఋషులు ఏనాడో చెప్పిన ఏకత్వమునే వారు నేడు వెదకుచున్నారు" అని పొంగిపోవుచుందురు. ఈ పొంగు శాస్త్రసమ్మతమేనా?

ష్రోడింగర్ వృత్తాంతము ఇచట స్మరణీయము. ఆయన వేదాంతప్రియుడు. 1944లో వెలువడిన 'వాట్ ఈజ్ లైఫ్?' గ్రంథాంతమున ఆత్మబ్రహ్మైక్యమును ఆదరముతో ప్రస్తావించెను. 1947 జనవరిలో డబ్లిన్ నగరమున, రాయల్ ఐరిష్ అకాడమీ ఎదుట, గురుత్వమును విద్యుదయస్కాంతత్వమును ఏకము చేయు సిద్ధాంతము లభించినదని ప్రకటించెను. పత్రికలు కొనియాడినవి. అదే మార్గమున చిరకాలము తపించిన ఐన్‌స్టయిన్ మాత్రము అందు చెప్పుకోదగిన పురోగతి లేదనెను. ఆ సిద్ధాంతము నిలువలేదు.

దానికి ష్రోడింగర్ చూపిన ఆధారము జ్యామితియే గాని ఉపనిషద్వాక్యము కాదు. అదియే ఆయన వివేకము. అద్వైతమును దానికి ముడివేసియుండినచో, సమీకరణము వీగిన నాడే అద్వైతమును వీగినదనవలసి వచ్చెడిది కదా!

అగ్ని శీతలమని నూరు శ్రుతులు పలికినను అది ప్రమాణము కాదని గీతాభాష్యమున శంకరభగవత్పాదులే సెలవిచ్చిరి. ప్రత్యక్షాదులకు అందని విషయమునందే శ్రుతికి ప్రామాణ్యము. బలముల కొలత ప్రత్యక్షానుమానముల సొత్తు. గ్లాషో, సలాం, వైన్‌బర్గ్ విద్యుదయస్కాంత బలమును దుర్బల బలముతో కలిపిరి. 1979లో నోబెల్ పురస్కారము లభించినను, వారు ఊహించిన డబ్ల్యూ, జడ్ కణములు 1983లో సెర్న్ ప్రయోగశాలలో కంటబడిన పిదపనే ఆ ఐక్యము సుస్థిరమైనది.

మరియొకటి. బలములన్నియు రేపు ఒక్కటైనను, ఆ ఒక్కటి తెలియబడునదే, అనగా దృశ్యమే. వేదాంతము విచారించునది దానిని తెలిసికొను దృక్కును. దృశ్యములు నాలుగు ఒక్కటైనంత మాత్రమున అది ద్రష్ట కానేరదు. ఈ భేదమును మరచి 'క్షేత్రమే బ్రహ్మము' అనువారు భౌతికశాస్త్రమును పెంచుట లేదు, బ్రహ్మమును తగ్గించుచున్నారు.

ఇందు మరియొక నష్టము కలదు. "అంతయు మనకు ముందే తెలియును" అని విన్న బాలుడు గణితము నేర్చుటకు ఏల శ్రమించును? స్వరమొకటి తప్పినచో పనస మొదలుకొని మరల చెప్పించు సంప్రదాయమునకు ఈ అలసత్వము తగదు. గురుత్వము నేటికిని తక్కిన బలములతో కలియక వేరుగనే యున్నది. కృష్ణబిల గర్భమున ద్రవ్యమేమగునో చెప్పగల లెక్క ఇంకను ఎవరికిని చిక్కలేదు.