జేబున్నవారి జ్ఞాపకశక్తి

మొన్నీమధ్య అటకమీది పాత ట్రంకుపెట్టె దించి దులుపుతుంటే అడుగున ఓ చిన్న నల్లటి పెట్టె కనిపించింది. అరచేతిలో ఇమిడేంత. మా మనవడు లాక్కుని అటూ ఇటూ తిప్పి, "అమ్మమ్మా, ఇదేం ఫోను? దీనికి కెమేరా ఏదీ?" అన్నాడు.

"అది ఫోను కాదు నాయనా. మీ తాతగారి జ్ఞాపకశక్తి" అన్నాను.

పక్కగదిలోంచి మావారు దగ్గారు. యాభై ఏళ్ల కాపురంలో ఆ దగ్గుకి అర్థం తెలియకుండా ఉంటుందా! 'ఇప్పుడా సంగతులన్నీ ఎందుకూ' అని. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

1998లో మా మరిది అమెరికా నుంచి వస్తూ అన్నగారికి తెచ్చిన కానుక అది. (వదినగారికి షరా మామూలే. ఓ షాంపూ సీసా, రెండు చాక్లెట్ల పొట్లాలు.) ఆ జాతి యంత్రాలు అప్పుడే కొత్తగా వచ్చాయి. కింద నాలుగు మీటలు. ఒకటి నొక్కితే తేదీలు, ఒకటి నొక్కితే చిరునామాలు, ఇంకోటి చేయవలసిన పనులు, నాలుగోది చిత్తు పుస్తకం. రాయడానికి సన్నటి పుల్ల. దాని రాతే వేరు. ఇంగ్లీషు 'ఏ' రాస్తే మధ్య అడ్డగీత పెట్టకూడదు. పాక కప్పులా గీసి ఊరుకోవాలి. మావారు నలభై తొమ్మిదో ఏట మళ్లీ అక్షరాభ్యాసం చేశారు. నేను మాత్రం పసుపు కుంకుమ పెట్టలేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. బుద్ధిమంతురాలైన యంత్రం. రెండు సన్న బాటరీలు వేస్తే వారాల తరబడి పనిచేసేది. ఇప్పటి ఫోనుల్లా క్షణానికోసారి పిలిచి ప్రాణం తీసేది కాదు. మీరు పెట్టుకున్న వేళకి 'కీచు' మని, మళ్లీ నోరు మూసుకునేది. నా పోట్లాట దానితో కాదు సుమండీ.

"ఇక నీకు శ్రమ తప్పిందోయ్. ఇల్లంతా ఇందులో పెట్టేస్తాను" అన్నారు మావారు. సంతోషించాను. వారం తర్వాత చూస్తే అందులో ఏమున్నాయి? ఆఫీసు మీటింగులు, పై ఆఫీసరుగారి పుట్టినరోజు, బీమా ప్రీమియం గడువు, స్నేహితుల ఫోను నెంబర్లు. మరి లేనివి? పాలు రాని రోజుల లెక్క. గ్యాసు సిలిండరు మార్చిన తేదీ. ఇస్త్రీకి వేసిన బట్టలు. అత్తయ్యగారి రక్తపోటు మాత్రలు ఏ రోజుకి నిండుకుంటాయో. పనమ్మాయికిచ్చిన అడ్వాన్సు. మా అబ్బాయి ఒడుగులో ఎవరెంత చదివించారో, తిరిగి ఎవరికెంత చదివించాలో!

"వీటిని కూడా రాయండి" అన్నాను.

"అవెందుకూ? ఎలాగూ నీకు గుర్తుంటాయిగా" అన్నారాయన.

ఆ 'ఎలాగూ' అన్న మాట దగ్గరే నాకు మండింది. ఆయన గుర్తుపెట్టుకోవలసినవి బరువు, వాటికి యంత్రం కావాలి. నేను గుర్తుపెట్టుకోవలసినవి గాలీ, వానా లాంటివి, వాటంతటవే ఉంటాయి!

ఈ యంత్రాల్లో పేరు మోసిన 'పైలట్' 1996లో బజారులోకి వచ్చింది. దాన్ని తయారుచేసిన జెఫ్ హాకిన్స్ అనే ఆయన ముందుగా ఓ చెక్కముక్కని కోయించి, అది తన చొక్కాజేబులో పడుతుందో లేదో చూసుకున్నాడట. ఎవరైనా ఫలానా రోజున కలుద్దామా అంటే, ఆ చెక్కముక్కనే తీసి దానిమీద రాసుకుంటున్నట్టు నటించేవాడట. తెలివైనవాడే, కాదనను. కాని కొలత ఎక్కడిదో గమనించారా? చొక్కాజేబుది. మన జాకెట్టుకి జేబేదీ? చీరకి జేబేదీ? జేబున్నవారి కోసం చేసిన జ్ఞాపకం జేబులేని వారి పనులు ఎలా మోస్తుంది?

ఇంకో ముచ్చట వినండి. మా మామగారి తద్దినం ఆశ్వయుజ బహుళ దశమి. ఆ యేడు తద్దినం వచ్చిన ఇంగ్లీషు తేదీని మావారు యంత్రంలో రాసి, 'ఏటేటా గుర్తుచెయ్యి' అని ఆజ్ఞాపించారు. అధికమాసం సంగతి దానికేం తెలుసు! 1998లో అక్టోబరు 19న వచ్చిన దీపావళి 1999లో నవంబరు 7న వచ్చింది. 1999 అక్టోబరులో ఓ ఉదయం యంత్రం కీచుమంది. మావారు గాభరాగా వంటింట్లోకి వచ్చి, "ఇవాళ నాన్నగారి తద్దినం! ఇంకా మడి కట్టుకోలేదేం?" అన్నారు. నేను ఇడ్లీలు దించుతున్నాను. అత్తయ్యగారు గడపలో కూర్చుని, "ఒరే, మీ నాన్న ఇంకా మూడు వారాలాగుతారు. ముందు కాఫీ తాగు" అన్నారు.

నవ్వుకున్నాం, సరే. కాని దశమి ఎప్పుడో చూసి, శాస్త్రులుగారికి పదిరోజుల ముందే కబురుచేసి, భోక్తలను చెప్పించి, నువ్వులూ అరిటాకులూ తెప్పించినదెవరు? ఆ మూడు వారాలూ ఆ యంత్రం ఒక్కసారైనా కీచుమందా?

2001లో మావారికి టైఫాయిడ్ వచ్చింది. యంత్రం సొరుగులో ఉండిపోయింది. బాటరీలు అయిపోయాయి, వాటితోపాటే లోపల రాసినవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కంప్యూటరుకి తగిలించి అప్పుడప్పుడూ నకలు తీసుకోవాలట. తీసుకోలేదు. 'నకలు తీయాలి' అన్నది కూడా అందులోనే రాసుకున్నారు పాపం!

మంచంమీద నుంచే పిలిచారు. "ఏమోయ్, మా పెద్దక్కయ్య ఫోను నెంబరెంత?" చెప్పాను. "బాబాయిగారి ఇంటి నెంబరు?" చెప్పాను. కొన్ని నోటికొచ్చినవి, కొన్ని వంటింటి కాలెండరు వెనక రాసుకున్నవి. సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నాను. అన్నీ రాసుకుని, "భలే జ్ఞాపకశక్తి నీది" అని మెచ్చుకున్నారు.

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. ఆ మెచ్చుకోలుకి నేను పొంగిపోయాను. 'ఆవిడకి అన్నీ గుర్తుంటాయి' అని చుట్టాలంతా అంటుంటే అదో బిరుదులా మోశాను. అది బిరుదు కాదమ్మా, జీతం లేని ఉద్యోగం. సెలవు లేదు, రిటైర్మెంటు అంతకన్నా లేదు. మావారు రిటైరై ఏళ్లయింది. నేను ఇంకా డ్యూటీలోనే ఉన్నాను.

'ఆ రోజులు పోయాయిలెండి, ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోనులున్నాయిగా' అంటారేమో. నిజమే. ఆ నల్లపెట్టెలు పోయాయి. అవి చేసే పనులన్నీ ఫోనులు మింగేశాయి. మా అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగస్థులే. ఇద్దరి ఫోనుల్లోనూ ఒకే కాలెండరు. 'బాబు స్కూలు ఫీజు' అని రెండు ఫోనులూ ఒకేసారి మోగుతాయి. మా అల్లుడు బంగారం లాంటివాడు. చదువుతున్న పేపరులోంచి తలెత్తి, "ఏయ్, మోగుతోంది చూడు" అంటాడు. మా అమ్మాయి లేస్తుంది.

అదీ సంగతి! గుర్తుచెయ్యడం వేరు, గుర్తుపెట్టుకోవడం వేరు. గంట కొట్టడం యంత్రం చేస్తుంది. గంట విని లేవడం మనిషే చెయ్యాలి. ఎవరు లేవాలన్నది ఇంట్లో తేలనంతకాలం, ఎన్నివేల రూపాయలు పోసి ఏ యంత్రం కొన్నా అది ఆడదాన్ని పిలిచే ఇంకో గొంతే అవుతుంది.

మా అమ్మమ్మ కొంగు చివర ముడి వేసుకునేది. పని కాగానే విప్పేది. ఎవరు వేసుకున్న ముడి వారిదే. నేను కోరేదీ అంతే. 'గుర్తుచెయ్యి, చేస్తాను' అనే సాయం మాకొద్దు. ఫలానా పని నీది అంటే, దాని తేదీ, దాని ముందు ఏర్పాట్లు, మరిచిపోతే పడే చీవాట్లు, అన్నీ నీవే.

పోయిన నెలలో మావారితో చెప్పాను. "మీ మాత్రలూ, నా మాత్రలూ, కరెంటు బిల్లూ ఇకనుంచి మీవి. నేను గుర్తుచెయ్యను." రెండు రోజులు మాత్రలు మర్చిపోయారు. నాలుక కరుచుకుని కూర్చున్నాను. మూడోరోజు పొద్దున్నే మంచినీళ్లూ మాత్రలూ తెచ్చి నా చేతికిచ్చారు.

నిన్న ఆయన కండువా చివర ఓ ముడి కనిపించింది. దేనికని నేను అడగలేదు. అడిగితే మళ్లీ అదీ నేనే గుర్తుపెట్టుకోవాలి గదా!